సూదికీ అన్నానికీ మధ్య

మళ్ళీ అదే వీడియో. ఎదురు బల్ల మీద కూర్చున్న నీలం చొక్కా మనిషి ఫోన్‌లోంచి వస్తున్న ఆ అరుపు సూర్యకళకి ఈపాటికి కంఠతా వచ్చేసింది. "తాగేసున్నాడ్రా ఎదవ, దించండ్రా కిందకి," అని ఎవడో గొంతు చించుకుంటాడు, తలుపు లాగిన చప్పుడు, చెంప మీద దెబ్బ, ఇంకో దెబ్బ, ఎక్కడో ఒక ఆడమనిషి ఏడుపు, ఆ ఏడుపు మీంచి హారన్లు. నీలం చొక్కా మనిషి నాలుక చప్పరించి, పక్కావిడకి ఫోను వంచి చూపించాడు. "ఇలాటోళ్ళ సేతుల్లో బస్సులెడతన్నారు సూడండి," అన్నాడు. ఆ డ్రైవరు ఈ గోడకి అవతలే మంచం మీద పడున్నాడనీ, అతని పెళ్ళాం తమకి ఎదురుగానే కూర్చునుందనీ వాళ్ళకి తెలీదు. లేచి వెళ్ళి ఆ ఫోను లాక్కుని నేలకేసి కొట్టాలనుంది సూర్యకళకి. కొడితే ఏమవుతుంది, ఒక ఫోను పగులుతుంది. పెందుర్తిలో వాళ్ళ వీధి చివర టీ కొట్టు దగ్గర ఎన్ని ఫోన్లున్నాయి, కూతురు సాయిదుర్గ చదివే కాలేజీలో ఎన్నున్నాయి, అన్నీ ఎవరు పగలగొడతారు. పిల్ల పొద్దున్న ఫోన్ చేసి, "మా నాన్న తాగడని వీడియో కింద రాసినానమ్మా, నవ్వే బొమ్మలెడతన్నారు," అంది. అని ఏడవలేదు. ఏడిస్తే బావుండును. ఆమె మొగుడు గంగరాజు తాగడు. తమ్ముడి పెళ్ళిలో అందరూ బలవంతం చేసినా, రేపు పొద్దున్న డ్యూటీ ఉందని లేచిపోయినవాడు. ఆ సంగతి ఎవరికి చెప్పాలి, ఏ గోడకి చెప్పాలి. వార్డు తలుపు మీద సందర్శకుల వేళ అని రాసుంది. ఆ వేళ ఎప్పుడవుతుందో, ఆ తలుపు ఎప్పుడు తీస్తారో అని చూస్తూ ఆమె చీర కొంగు పిండుతూ కూర్చుంది. పొద్దున్న కళ్ళు తెరిచాడని నర్సు చెప్పింది. తలకి తగిలిన దెబ్బని ఇంకా చూస్తున్నామంది. ఆ దెబ్బ బస్సు గుద్దుకున్నప్పుడు తగిలింది కాదు. దించి కొట్టినప్పుడు తగిలింది. గుద్దుకున్నందుకు అతనికి ఒంటి మీద గీత కూడా పడలేదట, అంబులెన్సు కుర్రాడు చెప్పాడు.

ఆ వీడియోలో చూడాల్సింది ఒకటుంది, ఎవరూ చూడలేదు. చొక్కా. వీపంతా, ఛాతీ అంతా, నూతిలో ముంచి తీసినట్టు తడిసిపోయిన ఖాకీ చొక్కా. మే నెల విశాఖపట్నంలో ఎవరికి పట్టదు చెమట, అందరికీ పడుతుంది, ఉప్పుగాలికి ఒళ్ళంతా జిడ్డు కారుతుంది. కానీ ఆ చెమట వేరు. అది చల్లగా ఉంటుంది. ముట్టుకుంటే చచ్చిన చేప ఒంటిలా ఉంటుంది. సూర్యకళకి తెలుసు, ముట్టుకుంది కాబట్టి. సుగరుకి సూదులు మొదలెట్టిన కొత్తలో ఒక ఆదివారం స్నానానికి వెళ్ళినవాడు తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయి వెర్రిగా నవ్వాడు. ఏంటి మావా అంటే ఏదో అన్నాడు, మాట ముద్దగా వచ్చింది, పెళ్ళాం పేరు వెతుక్కున్నాడు, దొరకలేదు. ఆమె దగ్గరికెళ్ళి ముందు నోరు వాసన చూసింది. అవును, తనూ అదే చూసింది. ఏ వాసనా లేదు. పట్టుకుంటే చెయ్యి చల్లగా జారింది. అప్పుడు భయమేసి అరిస్తే, పక్కింటావిడ ఆ కేకలు విని వచ్చి పంచదార నీళ్ళు పట్టిస్తే, కాసేపటికి మనిషి మనిషిలోకి వచ్చి, "ఏటైనాదే?" అని అడిగాడు, ఏమీ ఎరగనట్టు. అంతసేపూ తను ఎక్కడున్నాడో అతనికే తెలీదు. సీతమ్మధారలో డాక్టరు జ్యోతిర్మయి గారు అప్పుడే చెప్పింది, రక్తంలో సుగరు పడిపోయినప్పుడు ముందు మోసపోయేది మెదడేనని, పడిపోతున్నానని తెలుసుకోవాల్సింది ఏదో అదే ముందు నిద్రపోతుందని. సూర్యకళ ఆ మాట మళ్ళీ చెప్పమని అడిగింది. గంగరాజు మాత్రం స్టూలు మీద బుద్ధిగా కూర్చుని తలూపాడు. సుగరున్నవాళ్ళు బండి నడపకూడదని కాదు, అంది డాక్టరమ్మ. ఎంతోమంది నడుపుతున్నారు, ఏమీ కాదు. బండెక్కేముందు వేలు పొడిచి సుగరు చూసుకోవాలి, సూది వేసుకున్నాక వేళకి తినాలి, ఏ కాస్త తేడా అనిపించినా బండి పక్కన ఆపేయాలి. మీ ఉద్యోగంలో ఇవన్నీ కుదురుతాయా? అని సూటిగా అడిగింది. "కుదురుతాయమ్మా," అన్నాడు. ఆ ఒక్క మాట. సూర్యకళ పక్కకి తిరిగి అతని మొహం చూసింది. ఆ మొహం కదల్లేదు.

కుదురుతాయట. ఎక్కడ కుదిరింది. గాజువాక అవతలి ఫ్యాక్టరీకి షిఫ్టు మనుషుల్ని చేరవేసే కాంట్రాక్టు బస్సు అది. గేటు దగ్గర బస్సు ఆలస్యమైతే అరుపులు, మద్దిలపాలెంలో దిగేవాళ్ళకి ఆలస్యమైతే అరుపులు, మధ్యలో రోడ్డు పక్కన ఆపితే బస్సులో కూర్చున్నవాళ్ళ అరుపులు. ఒకసారి గోపాలపట్నం దగ్గర చేతులు వణుకుతున్నాయని నిజంగానే ఆపేశాడు. జేబులో గ్లూకోజు పొడి నోట్లో పోసుకుని, ఒళ్ళు సర్దుకునేదాకా స్టీరింగు మీద తలపెట్టుకుని కూర్చున్నాడు. వెనకనుంచి ఒకాయన, "నిద్దరొస్తే ఇంటికి పోయి పడుకో," అన్నాడట. బస్సు ఎందుకు ఆలస్యమైందని సూపర్‌వైజరు గుణశేఖర్ అడిగితే, దాచకుండా అంతా చెప్పాడు. చెప్పింది ఎక్కడో కాదు, వీళ్ళ వరండాలోనే. గుణశేఖర్‌కి సూర్యకళ చేసే చేపల పులుసంటే ప్రాణం, అప్పుడప్పుడూ వచ్చి తినిపోయేవాడు, అక్కా అనేవాడు ఆమెని, గంగరాజుని బావా అనేవాడు. ఆ రోజు చేప ముల్లు తీసి కంచం అంచున పెడుతూ అన్న మాట ఆమె చెవుల్లో ఇంకా ఉంది. "సూది సంగతి ఇంకెవురికీ సెప్పకు బావా. పైనోళ్ళకి తెలిస్తే రేపే దింపెత్తారు. నువ్వంటే నాకు పేణం కాబట్టి సెప్తన్నాను." ఆ ప్రాణమేంటో అప్పుడు అర్థం కాలేదు ఆమెకి. ఇంత నమ్మకంగా, సెలవు పెట్టకుండా, ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చే డ్రైవరు ఇంకొకడు దొరకడు కదా, అదీ ఆ ప్రాణం. ఏటా ఒకసారి డాక్టరు పరీక్ష అని పిలుస్తారు. గోడ మీద అక్షరాలు చదివిస్తారు, రంగులు చూపిస్తారు, ఒంట్లో ఎలా ఉందంటే బాగుందంటాడు, సంతకం. రక్తం చూడరు, సూది మచ్చలు చూడరు, పొట్ట మీద చొక్కా ఎత్తితే కనపడతాయి, ఎత్తమని ఎవరంటారు.

నిన్న కూడా వేళకి తినేసేవాడే. రెస్టు షెడ్డులో కూర్చుని ఫోన్ చేశాడు, ఎప్పుడూ చేసినట్టే. "సూది ఏసుకున్నాను. ఏటెట్టినావు డబ్బాలో?" బీరకాయ పాలుపోసి వండాను అంది. "పిల్లకి ఇష్టం గదా, దానికుంచినావా?" అన్నాడు. ఉంచానంది. పెట్టేశాడు. ఆమె చేపల బజారుకి బయల్దేరుతూ తాళం వేస్తోంది, మళ్ళీ మోగింది. ఈసారి ఆయాసపడుతున్నాడు, నడుస్తూ మాట్లాడుతున్నాడు. ఎవరిదో బస్సు చెడిపోయిందట, దిగిన షిఫ్టు వాళ్ళు గేటు దగ్గర గోల చేస్తున్నారట. "గుణశేఖర్ బావ కేకలేత్తన్నాడే, బేగి బండి తియ్యమంతన్నాడు. వచ్చి తింతాన్లే." ఆమె ఎంత గట్టిగా అరిచిందంటే ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న మనిషి కిందకి చూసింది. "నాలుగు ముద్దలు తినీసెల్లు మావా, సూదేసుకున్నావు," అని. ఫోన్లో వెనకనుంచి ఇంకో గొంతు వినపడింది, "అన్నం ఏటీ పారిపోదు బావా, రా," అని. ఆ గొంతు ఎవరిదో ఆమెకి తెలుసు. తర్వాత ఫోను ఎత్తలేదు. ఎత్తడు, బండి మీదుంటే ఎత్తడు, ఆ ఒక్క నియమం మాత్రం తప్పడు. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా ఆ ఎండలో, ఆ ట్రాఫిక్‌లో ఎక్కడ అతని లోపల దీపం ఆరిపోయిందో. బస్సులో కూర్చున్న నాగవంశీ అనే కుర్రాడు రాత్రి ఆసుపత్రికి వచ్చి చెప్పాడు, తాటిచెట్లపాలెం దాటాక బస్సు ఒకసారి అటూ ఇటూ ఊగిందట, ఎవరో "గురూ, సూసుకో," అని నవ్వారట. అందరూ ఫోన్లు చూసుకుంటున్నారట. తిండికని ఆపితే ఆలస్యమైపోతుంది వీళ్ళకి. రోజూ తమని ఇంటికి చేర్చే మనిషి తిన్నాడో లేదో తెలియాల్సిన అవసరం ఏముంది వీళ్ళకి. మద్దిలపాలెంలో బస్సు మెల్లగా, చాలా మెల్లగా, దారి మర్చిపోయినట్టు ఎడమకి వంగి ఫుట్‌పాత్ ఎక్కేసి, గొడుగు కింద ముంజలు అమ్ముకుంటున్న ఆదిలక్ష్మమ్మ మీదకి వెళ్ళింది. తొడ ఎముక విరిగింది. వేగంగా ఉంటే మనిషే దక్కేది కాదు. ఆవిడా ఇదే ఆసుపత్రిలో, ఎముకల వార్డులో ఉంది. ఆవిడ ఏడుపే ఆ వీడియోలో వినిపించేది.

తాగినోడు అన్నారు. పోలీసులు నోటి దగ్గర గొట్టం పెట్టి ఊదమన్నారు, పెదాలు మూయడమే చేతకాని మనిషిని. సున్నా వచ్చింది. అయినా ఆ మాట చెరగలేదు, గంజాయేమో అన్నాడు ఒకడు. ఊదించడానికి గొట్టముంది వీళ్ళ దగ్గర, అన్నం తిన్నావా అని అడగడానికి నోరు లేదు. గోపాలపట్నంలో ఆటో తోలే వీర్రాజుకి రెండు కళ్ళలోనూ శుక్లాలు, చీకటి పడితే ఎదురు లైట్లు తప్ప ఇంకేమీ కనపడవు, ఆపరేషనుకి సెలవెక్కడిదని అలాగే తోలుతున్నాడు. ఇనుప చుట్టలు మోసే ట్రైలరు నడుపుతాడు పద్మావతి మొగుడు. రాత్రంతా గురక పెడుతూ ఊపిరి ఆగి ఆగి లేస్తాడట, పగలు కూర్చున్నచోటే, చేతిలో టీ గ్లాసుతోనే నిద్రపోతాడు, ఆ మనిషి పోర్టు రోడ్డులో అంత బరువు వెనకేసుకుని వెళ్తుంటే అందరూ పక్కనుంచి పోతుంటారు. గురక అంటే నవ్వు. కళ్ళు మసకంటే వయసు. సూదంటే రహస్యం. ఎవరికైనా తెలిస్తే బండి దింపేస్తారు, దింపేస్తే ఇంకేం చేస్తారు, అందుకని ఎవరూ చెప్పరు, చెప్పరు కాబట్టి ఎవరూ అడగరు, అడగరు కాబట్టి ఒక రోజు ఫుట్‌పాత్ మీద ముంజలమ్ముకునే మనిషి తొడ విరుగుతుంది. అప్పుడు మాత్రం అందరూ వస్తారు, ఫోన్లు పట్టుకుని. ఆ కొట్టినవాళ్ళలో ఎంతమందికి ఇంట్లో సుగరుందో, వాళ్ళమ్మకి, వాళ్ళ నాన్నకి, వాళ్ళకే. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు చెయ్యి పట్టుకుని చూసుంటే. అంబులెన్సు కుర్రాడు వచ్చి వేలు పొడిచి చూసి, "సుగర్ అడుక్కి పోయిందిరా బాబూ, కొడతారేటి," అని అరిచి నరంలోకి గ్లూకోజు ఎక్కించేదాకా ఎవరికీ తట్టలేదు. అది మాత్రం ఎవరి ఫోన్లోనూ లేదు. అప్పటికి చూడాల్సింది చూసేసి వెళ్ళిపోయారు.

"గంగరాజు పెళ్ళానివి నువ్వేనా?"

తలెత్తింది. పాతికేళ్ళ పైబడ్డ మనిషి, చెదిరిన జడ, చున్నీ నడుముకి బిగించి కట్టుకుంది. రోజారమణి అని, ఆదిలక్ష్మమ్మ కూతురట. నర్సు చెబితే వెతుక్కుంటూ వచ్చింది. సూర్యకళ లేచి నిలబడింది. ఎదురు బల్ల మీద నీలం చొక్కా మనిషి ఫోను ఆపేసి ఇటు చూశాడు, ఒకసారి సూర్యకళని, ఒకసారి చేతిలో ఫోన్ని, తర్వాత నేలని.

"మా యమ్మకి కాల్లో రాడ్డెయ్యాలంతన్నారు. మళ్ళీ నడుస్తాదో నేదో సెప్పలేమంతన్నారు. తాగి గుద్దినాడనుకున్నాను. రాత్రంతా తిట్టినాను నీ మొగుణ్ణి. ఇప్పుడు సుగరంతన్నారు," అంది రోజారమణి. గొంతు పెంచలేదు, అదే భయంగా ఉంది. "సుగరు నిన్న పుట్టిందేటి? నీకు ముందు తెల్సా, తెల్దా? అది సెప్పు నాకు. తెల్సే బండెక్కనిచ్చినావా?"

తాగలేదు, కొట్టారు, తిననివ్వలేదు, పొద్దుట్నుంచీ నోట్లో పేర్చుకున్న మాటలన్నీ ఉన్నాయి. ఒక్కటీ ఆ ప్రశ్నకి సరిపడలేదు. తెలుసు. తెలిసే టిఫిను డబ్బా కట్టి ఇచ్చింది. రోజూ బస్సు వెళ్ళినంతసేపూ లోపల ఏదో బిగబట్టుకునే ఉండేది, సాయంత్రం చెప్పుల చప్పుడు వినగానే వదిలేది. ఆ బిగబట్టుకోవడం చాలనుకుంది. ఆ బస్సు ముందు ఇంకొకరు ఉంటారని, వాళ్ళకి ఒక కూతురుంటుందని, ఆ కూతురు ఇలా వచ్చి ఎదురుగా నిలబడుతుందని అనుకోలేదు. రోజారమణి కాసేపు చూసి, గోడకి ఆనుకుని నిలబడింది, జవాబు వినకుండా కదలనన్నట్టు.

అంతలో గుణశేఖర్ వచ్చాడు. చేతిలో కొబ్బరిబొండాల సంచి, మొహం నిండా బాధ, ఇస్త్రీ చొక్కా. "అక్కా," అంటూ దగ్గరికొచ్చి, ఆమెని పక్కకి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. కిందనుంచి పనసపళ్ళ బండివాడి కేకలు వస్తున్నాయి. గుణశేఖర్ గొంతు తగ్గించాడు.

"రక్తంలో మందు నేదని తేలిపోయినాదక్కా. తాగినాడన్న మాట పోతాది, దాని గురించి బెంగెట్టుకోకు. ఇప్పుడు పోలీసు హెడ్డుగారొత్తాడు, నిన్ను నాలుగు ముక్కలు అడుగుతాడు. ఒకటే సెప్పు. బావకి సుగరున్నట్టు ఎవురికీ తెల్దు. నిన్ననే మొదటిసారి అలగైనాది. అంతే. అకస్మాత్తుగా ఒచ్చిన జబ్బుకి ఎవురేటి సేత్తారు, ఎవురి తప్పూ నేదు. లేచి తిరిగినాక మళ్ళీ బండెక్కుతాడు, నాను సూసుకుంటాను గదా."

"నిన్న అన్నం తిననిచ్చినావా?" అంది సూర్యకళ.

అతను కొబ్బరిబొండాల సంచి చెయ్యి మార్చుకున్నాడు. తర్వాత అన్నాడు, "తెల్సే ఎక్కినాడని గానీ నువ్వంటే, కేసు బావ పీకకే సుట్టుకుంటాది, నా పీకకి కాదు. లైసెన్సు పోతాది. మరింక నీ ఇష్టం. నీ మంచికే సెప్తన్నాను." చేప ముల్లు కంచం అంచున పెడుతూ మాట్లాడిన గొంతే అది. అదే ప్రేమ. అప్పుడు ఎవరికీ చెప్పకు అన్నాడు, ఇప్పుడూ ఎవరికీ చెప్పకు అంటున్నాడు. అప్పుడు చెప్పనందుకు ఒకావిడ తొడ విరిగింది, ఒకడి తల పగిలింది. ఇప్పుడు చెప్పకపోతే గంగరాజు లేస్తాడు, మళ్ళీ ఖాకీ వేసుకుంటాడు, మళ్ళీ సూది వేసుకుంటాడు, మళ్ళీ ఎవరిదో బస్సు చెడిపోతుంది. అబద్ధంలో అన్నీ ఉన్నాయి, జీతముంది, పరువుంది, మొగుడి మీద కేసు తేలికవడం ఉంది. తప్పించుకోవడానికి ఇంత నున్నటి దారి ఇంకొకటి దొరకదు. ఆ నున్నదనమే ఆమెకి కంపరం పుట్టించింది. మొగుడి కోసం ఒక్కసారి అబద్ధమాడితే పాపమా, ఏ పెళ్ళాం ఆడదు, అని ఒక గొంతు లోపల. కానీ ఆ అబద్ధం నిలబడాలంటే ఆ డబ్బా మూత తెరవకముందే లేపి తీసుకెళ్ళిన మాట పోవాలి, గోపాలపట్నం పోవాలి, చేపల పులుసు పోవాలి. ఒక్క గంగరాజు శరీరం మాత్రమే మిగలాలి, ఏ కారణమూ లేకుండా హఠాత్తుగా పాడైపోయిన శరీరం. అందరూ చేతులు కడుక్కుని వెళ్ళిపోతారు. ఎంత హాయి.

హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు, పెద్ద వయసు మనిషి, కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతోంది. బల్ల మీద కూర్చుని కాగితం మోకాలి మీద పెట్టుకుని పేరడిగాడు, ఊరడిగాడు. విజయనగరం దగ్గర పల్లె సార్, ఇప్పుడు పెందుర్తి. "మీ ఆయనకి ముందునుంచీ ఏటైనా జబ్బున్నాదామ్మా?"

గుణశేఖర్ దగ్గాడు. గోడ దగ్గర రోజారమణి కదల్లేదు.

"ఉన్నాది సార్," అంది సూర్యకళ. తన గొంతు తనకే కొత్తగా, పెద్దగా వినపడింది. "సుగరున్నాది. సూదులేసుకుంటాడు. నాకు తెల్సు. ఈ గుణశేఖర్ బాబుకీ తెల్సు, మా ఇంట్లో అన్నం తింటా ఎవురికీ సెప్పొద్దన్నాడు. ముందోసారి గోపాలపట్నంలో ఇలగే అయితే బండాపుకున్నాడు, ఆపినందుకు తిట్లు తిన్నాడు. నిన్న సూదేసుకున్నాక అన్నం ముందునించి లేపి తీసుకెల్లినాడు. ఫోన్లో నాను ఇన్నాను సార్ ఆ మాట. అన్నం ఏటీ పారిపోదన్నాడు."

"అక్కా, ఏటా మాటలు," అన్నాడు గుణశేఖర్. "నానెప్పుడన్నాను..."

"నన్నక్కా అనకు," అంది.

హెడ్ కానిస్టేబుల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, ఇది రాస్తే మీ ఆయన లైసెన్సు మీదకొత్తాది. తెల్సి నడిపినాడని అంటారు. నిదానంగా ఆలోసించుకుని సెప్పు."

"తెల్సే నడిపినాడు. రాయండి. తెల్సే నడిపించినారని కూడా రాయండి. ఒకటి రాసి ఒకటి మానొద్దు."

ఆయన రాశాడు. నెమ్మదిగా, చదివి వినిపిస్తూ రాశాడు. ఆమె ఒకచోట ఆపి, షెడ్డు పేరు చెప్పి, అక్కడ ఇంకా ఎవరెవరున్నారో వాళ్ళనీ అడగమంది. గుణశేఖర్ ఎప్పుడు వెళ్ళిపోయాడో చూడలేదు. కొబ్బరిబొండాల సంచి కూడా పట్టుకుపోయాడు. ఆమె సంతకం పెట్టి తలెత్తేసరికి రోజారమణి ఇంకా అక్కడే ఉంది. అడిగినదానికి జవాబు దొరికిన మనిషి మొహం కూడా కాదు అది. కోపం అలాగే ఉంది, కాకపోతే ఇప్పుడు ఆ కోపానికి నిలబడడానికి నేల దొరికినట్టుంది.

తలుపు తీశారు. గంగరాజు మొహం సగం వాచిపోయి ఇంకెవరిదోలా ఉంది. ఎడమ కన్ను మూసుకుపోయింది. కుడి కన్నుతో ఆమెని చూసి పెదాలు కదిపాడు, దగ్గరికి వంగితే, "ఎవురికి తగిలినాదే?" అన్నాడు. ముందు అదే అడిగాడు. ఆమె చెప్పింది, ముంజలమ్మే ఆవిడ, తొడ విరిగింది, ప్రాణానికి ఫర్వాలేదు. అతను కన్ను మూసుకున్నాడు, మూసిన కంట్లోంచి నీళ్ళు చెవిలోకి జారాయి. "నాకేటీ గుర్తు నేదు. తాటిచెట్లపాలెం కాడ సిగ్నలు గుర్తున్నాది. మరేటీ నేదు," అన్నాడు. దాచితే లాభం లేదని ఆమె అక్కడే, ఆ నిమిషానే, బయట చెప్పిందంతా చెప్పేసింది. వింటూ వింటూ అతని చెయ్యి ఆమె చేతిలోంచి బయటికి వెళ్ళిపోయింది. "నన్నడక్కుండా సెప్పీసినావా? నా బతుకు తెరువే అది. సేతులు నరికీసినావు గదే," అన్నాడు. కాదని అనలేదు ఆమె. ఎంత కోపమొచ్చిందంటే, కట్టు కట్టిన ఆ తల మీద కూడా కోపమొచ్చింది. "కుదురుతాయమ్మా అన్నావు డాక్టరమ్మతో. కుదరవని తెల్సు నీకు. నాకూ తెల్సు. నా నోరూ మూసుకుపోయినాది అప్పుడు. ఇప్పుడు తెరిసినాను. నిన్ను కొట్టినోళ్ళ మీద కూడా కేసెడతాను, ఆళ్ళ మొహాలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. వదల్ను. కానీ నువ్వింక ఆ బస్సెక్కవు మావా." అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె దుప్పటి సర్ది, అతను తిరిగేదాకా చూడకుండా, బయటికి వచ్చేసింది.

ఎముకల వార్డు ఎటు అని అడగాల్సిన పని లేకపోయింది. రోజారమణి ముందు నడిచింది, ఈమె వెనక నడిచింది. ఆదిలక్ష్మమ్మ బక్కపల్చటి మనిషి, ముక్కుకి రెండువైపులా ముక్కుపుడకలు, కాలికి బరువు కట్టి వేలాడదీశారు. ఎవరో తెలియగానే తిట్లు మొదలుపెట్టింది. సన్నటి గొంతుతో, నొప్పికి మధ్యమధ్య ఆగుతూ, పక్క మంచాల వాళ్ళంతా లేచి కూర్చుని చూస్తుండగా, గంగరాజునీ, అతన్ని కన్నవాళ్ళనీ, బస్సునీ, ఆ బస్సు కంపెనీనీ, ఆ ఫుట్‌పాత్ వేసినవాణ్ణీ తిట్టింది. సూర్యకళ తలొంచుకోలేదు. ఆవిడ కళ్ళలోకే చూస్తూ అన్నీ విని నిలబడింది. పొద్దుట్నుంచీ తను తిట్టుకుంటున్న తిట్లకీ వీటికీ పెద్ద తేడా లేదు. తిట్లు అయిపోయాక ఆవిడ ఆయాసపడుతూ మంచినీళ్ళు అడిగింది. రోజారమణి పట్టించింది.

"ఆడు తాగలేదంతన్నారు," అంది ఆదిలక్ష్మమ్మ చివరికి.

"తాగలేదు పిన్నీ. తిననేదు. తిననీయకుండా లేపి బండెక్కించినారు."

ఆదిలక్ష్మమ్మ గ్లాసుని చేత్తో పక్కకి తోసింది. "బతుకుతాడా?"

"బతుకుతాడు."

"బతకాల," అంది ఆవిడ, పళ్ళు బిగబట్టి. "బతికి, లేచి, ఇక్కడికొచ్చి నా ముందు నిలబడాల. నిన్ను పంపితే సరిపోదు. తిననీయకుండా బండెక్కించినోడున్నాడే, ఆణ్ణి కూడా తే. ఇద్దర్నీ ఒక్క రోజే తే."

"తెత్తాను," అంది సూర్యకళ.